ములుగు అడవుల్లో పాత పెద్ద చెట్లు: ఎక్కడ వెతకాలి, ఎంత దూరంలో నిలబడాలి

మీ ప్రశ్న ఇదీ: హనుమకొండ నుంచి రెండు రోజుల ప్రయాణం, వెంట 65 ఏళ్ల నాన్నగారు, బడికి పోయే ఇద్దరు పిల్లలు. తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో తరాల నాటి పెద్ద చెట్లు చూడాలి. ఎక్కడ ఉంటాయి, ఎప్పుడు పోవాలి, ఎవరిని అడగాలి, మన వల్ల చెట్టుకు కీడు జరగకుండా ఏం చూసుకోవాలి?

మొదట ఒక అపోహ తీసేయాలి. అడవి లోపలికి ఎంత దూరం పోతే అంత పెద్ద చెట్టు దొరుకుతుందన్న లెక్క మన దగ్గర నడవదు. ఇవి ఎండకు ఆకు రాల్చే అడవులు, ఏడాదిలో సగానికి పైగా వాన ముఖం చూడవు. పైగా నిజాం కాలం నుంచి కూపులు (వంతులవారీగా నరికే అడవి ముక్కలు) వేసి నరికిన అడవులు. రైలు పట్టాల కింది దిమ్మెలకు, ఇళ్ల దూలాలకు, దర్వాజాలకు నిటారుగా పెరిగిన టేకు, నల్లమద్ది, ఏగిస పోయాయి. నరికిన మోడు నుంచి మళ్లీ లేచినవే ఇప్పుడు చాలా చోట్ల చెట్లుగా నిలబడ్డాయి. ఒకే మొదలు నుంచి రెండు మూడు బోదెలు (కాండాలు) లేచి, కింద కొడవలిలా వంగి పైన నిక్కిన టేకు కనబడితే అది మోడు చిగురు. వేరు పాతది కావచ్చు, పైన ఉన్న బోదె మాత్రం కొత్తది. అలాంటి టేకు వనంలో ఐదు కిలోమీటర్లు నడిచినా చేతులతో చుట్టలేని చెట్టు ఒక్కటీ తగలకపోవచ్చు.

అందుకే గొడ్డలికి పని లేని చోట వెతకాలి. వాగు ఒడ్డు అలాంటిది. పూజ జరిగే తావు అలాంటిది. తొర్ర పడి, వంకర తిరిగి, దూలానికి పనికిరాదని కాంట్రాక్టరు వదిలేసిన చెట్టు అలాంటిది. పువ్వో కాయో ఇస్తుందని గూడెం వాళ్లు ముట్టనివ్వని ఇప్ప, చింత, నేరేడు, తాని కూడా అలాంటివే. ఈ లెక్కతో పోతే రోడ్డుకు అర కిలోమీటరు లోపలే నలుగురు చేతులు కలిపినా చుట్టలేని చెట్లు దొరుకుతాయి. మీ నాన్నగారికి ఇదే అనుకూలం.

వాగు ఒడ్డున మొదట చూడాల్సింది ఏరుమద్ది. తెల్లమద్ది అన్నా ఇదే. నున్నటి బెరడు పెద్ద పెచ్చులుగా ఊడుతుంది, ఊడిన చోట లేత గులాబీ రంగు, పాతబడ్డ చోట బూడిద తెలుపు. జంపన్నవాగు లాంటి వాగుల గట్ల మీద వేర్లు సగం గాలిలో, సగం ఇసుకలో పెట్టుకుని నీటి మీదికి వాలి ఉంటుంది. కింద రాలిన కాయ ఏరి చూడండి, నిలువునా ఐదు రెక్కలుంటాయి. పిల్లలకు చూపించడానికి దీన్ని మించిన గుర్తు లేదు. గుట్ట మీది నల్లమద్ది కాయకూ రెక్కలుంటాయి గానీ దాని బెరడు వేరు. నల్లగా, లోతైన చీలికలతో, గళ్లు గళ్లుగా మొసలి వీపులా ఉంటుంది. ఆ రెండు బెరడులూ పక్కపక్కన ఒకసారి చూస్తే మళ్లీ పొరబడరు.

నల్లమద్ది గురించి ఒక హెచ్చరిక. 2024 మార్చిలో పాపికొండల అడవిలో అటవీ సిబ్బంది ఒక నల్లమద్ది బెరడుకు గాటు పెడితే నీళ్లు ధారగా కారిన వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చింది. అది కొండరెడ్ల దగ్గర తెలుసుకుని, పరీక్ష కోసం చేసిన పని. ప్రతి నల్లమద్దిలోనూ నీళ్లుండవు. బోదె మీద బుడిపెలా ఉబ్బిన చోటున్న చెట్లలో, అదీ కొన్నింట్లోనే ఉంటాయి. గాటు పెట్టిన చోటి నుంచి బూజు, పురుగు లోపలికి దిగుతాయి. మీతో వచ్చినవాళ్లు ఎవరైనా "ఒక్కసారి చూద్దాం" అని కత్తి తీస్తే ఆపండి. అభయారణ్యంలో అది కేసు కూడా అవుతుంది.

మిగతావి క్లుప్తంగా. బూరుగ మొదలు చుట్టూ వేర్లు పలకల్లా, గోడల్లా లేస్తాయి, లేత కొమ్మలకు ముళ్లుంటాయి, ఫిబ్రవరి, మార్చిలో ఆకులేని కొమ్మల మీద ఎర్ర పూలు. తపసి రాతి గుట్టల మీద తెల్లగా మెరుస్తుంది, వెన్నెల్లో చూస్తే భయపడాల్సిందే. దాని బంక కోసం గాట్లు పెట్టీ పెట్టీ పెద్ద తపసి చెట్లు తగ్గిపోయాయి, కనబడితే ఆగి చూడండి. ఏగిస ఎంత లావైనా కలప విలువ వల్ల మిగిలింది తక్కువ. మర్రి, రావి, జువ్వి ఎక్కడైనా ఉంటాయి.

టేకు చూడాలనే పట్టుదల ఉంటే ఒక మాట. కేరళలో పరంబికులం అడవిలో కన్నిమార టేకు అని ఒకటుంది, చుట్టుకొలత ఆరున్నర మీటర్లకు పైనే. దాన్ని కొలబద్దగా పెట్టుకుని ఇక్కడికి వస్తే నిరాశే. అక్కడి వాన వేరు, ఇక్కడి వాన వేరు. మన గుట్టల మీద మీటరున్నర చుట్టుకొలత ఉన్న టేకు గౌరవించదగ్గ చెట్టు, రెండు మీటర్లు దాటితే ఆగి నిలబడాల్సిన చెట్టు.

ఇక అనుమతి సంగతి. ఏటూరునాగారం అభయారణ్యం 1953 నుంచి ఉంది, విస్తీర్ణం 800 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. అందులో నుంచి పోయే జాతీయ రహదారి మీద బండి నడుపుకోవచ్చు గానీ, రోడ్డు దిగి చెట్లలోకి పోవడం వేరే లెక్క. తాడ్వాయి గానీ ఏటూరునాగారం గానీ, మీరు పోయే వైపు అటవీ రేంజ్ ఆఫీసులో ముందే కాగితం పెట్టుకోండి: ఎంతమంది, పేర్లు, ఆధార్ నకళ్లు, బండి నంబరు, ఏ తేదీ, ఏ వైపు, ఎన్ని గంటలు. "పాత చెట్లు చూడ్డానికి" అని రాస్తే ఏ బీటులోకి (ఒక గార్డు చూసుకునే అడవి ముక్క) పంపాలో వాళ్లకే తెలుస్తుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఆఫీసులు తెరిచేది పదిన్నరకు, అడవి చూడాల్సిన వేళ ఆరున్నర నుంచి పది. ఆ పొద్దున కాగితం పట్టుకుని పోతే అనుమతి చేతికొచ్చేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. వారం ముందే ఆ పని ముగించాలి. లేదంటే తాడ్వాయిలో అటవీ శాఖ కుటీరాలున్నాయి, ముందుగా మాట్లాడి గది తీసుకుంటే నడక, తోడు మనిషి ఏర్పాటు కూడా అక్కడే అడగొచ్చు. డ్రోన్ తీసుకుపోవద్దు. పొయ్యి, సిగరెట్టు, కత్తి, గొడ్డలి లాంటివి బండిలో కూడా ఉంచుకోవద్దు, నిప్పుకూ ఆయుధానికీ అదే చట్టంలో విడిగా నిషేధాలున్నాయి.

తోడు మనిషి లేకుండా పోవద్దు. కోయ గూడేల్లో ఆ వాగు, ఆ గట్టు తెలిసినవాళ్లుంటారు. ముందు గూడెం పెద్దను కలిసి, ఎందుకు వచ్చారో చెప్పి, ఆయన చూపిన మనిషిని వెంట తీసుకోండి. డబ్బు సంగతి బయల్దేరకముందే తేల్చాలి. అతని ఆ రోజు కూలి ఎంత పోతుందో అడిగి, దానికి తగ్గకుండా ఇవ్వాలి. ఇప్పపువ్వు రాలే మార్చి, ఏప్రిల్‌లో, తునికాకు కోసే ఏప్రిల్, మేలో వాళ్ల ఒక్క పొద్దు విలువ మామూలు కూలి కన్నా ఎక్కువ. ఆ రోజుల్లో పాత రేటు చెప్పడం అన్యాయం. "ఇంత పెద్ద చెట్టు చూపిస్తే ఇంత" అని పందెం పెట్టకండి. అప్పుడు మీకు ఎక్కరాని చోట్ల, పోరాని చోట్ల చెట్లు చూపించాల్సిన అవసరం అతనికి పడుతుంది.

పోరాని చోట్లంటే పూజ తావులు. దేవుడి గద్దె (అరుగు) ఉన్న చెట్టు, బోదెకు పసుపు గుడ్డ చుట్టిన చెట్టు, కింద రాళ్లు నిలబెట్టిన చెట్టు కనబడితే తోడు మనిషి ముఖం చూడండి. అతను చెప్పులు విప్పితే మీరూ విప్పండి, అతను ఆగిన చోటే మీరూ ఆగండి. ఫోటో తీయొచ్చా అని అడగండి. "ఏం కాదు సారూ" అన్న మాటకు, నిజంగా ఒప్పుకున్న మాటకు తేడా అతని గొంతులో తెలుస్తుంది. మేడారం పోయినవాళ్లు చిలకలగుట్ట ఎక్కాలని అడగొద్దు. సమ్మక్క తల్లిని గద్దె మీదికి తెచ్చే గుట్ట అది, బయటివాళ్లు చూసే వింత కాదు. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి వచ్చే జాతర సరి సంవత్సరాల్లో పడుతుంది. 2026లో అయింది, తర్వాతది 2028లో. జాతరకు ముందు మూడు వారాలు, తర్వాత రెండు వారాలు చెట్ల కోసం ఆ వైపు పోవద్దు. బండ్ల దుమ్ములో చెట్టూ కనబడదు, గుట్టా కనబడదు.

ఆదిలాబాద్ వైపు పోవాలనుకుంటే ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ నాగోబా జాతర పుష్య అమావాస్యకు వస్తుంది. గోండుల్లో మెస్రం వంశస్తులు గోదావరి నీళ్లు తెచ్చి, గుడికి పోయే ముందు మర్రిచెట్ల కింద బస చేస్తారు. వందల కుటుంబాలకు ఒక చెట్టు నీడ ఎలా పంచుతారో చూడాలంటే అదే చోటు. కానీ అది వాళ్ల ఇంటి వ్యవహారం, పిలవని పేరంటానికి పోయినట్టు బసల మధ్యలో తిరగొద్దు. నిర్మల్‌లో 1860లో, బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడ్డ రాంజీ గోండును, ఆయనతో పాటు వెయ్యిమందిని ఉరితీశారని చెప్పే వెయ్యి ఉరుల మర్రి గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. ఆ చెట్టు ఇప్పుడు లేదు, గాలివానకు కూలిపోయింది. చూసేది స్మారకమే.

ఇప్పుడు అసలు విషయం. పెద్ద చెట్టుకు మన చేయి కన్నా మన కాలు ఎక్కువ చెరుపు చేస్తుంది. బోదెను తడిమితే ఏమీ కాదు. నీళ్లూ బలమూ పీల్చే సన్నవేర్లు మాత్రం ఎక్కువ భాగం నేలపై పొరలోనే, అడుగు నుంచి రెండడుగుల లోతులోనే ఉంటాయి, కొమ్మల నీడ దాటి చాలా దూరం పాకుతాయి. ఆ నేల మీద జనం తిరిగితే మట్టిలోని సందులు మూసుకుపోతాయి. గాలి ఆడదు, వాన ఇంకదు, పైపైనే జారిపోతుంది. సన్నవేరు ఊపిరాడక చస్తుంది. రెండు మూడేళ్లకు చెట్టు నెత్తిన చివరి కొమ్మలు ఎండుతాయి. అప్పుడు "చెదలు పట్టింది, తెగులు వచ్చింది" అంటాం గానీ, మొదలు మన కాళ్లే.

దీన్ని పిల్లలతోనే పరీక్ష చేయించండి. దారి పక్కన ఆకు కప్పిన చోట చూపుడువేలు గుచ్చమనండి, రెండు కణుపుల దాకా సులువుగా దిగుతుంది, వేలికి చల్లటి నల్లమట్టి అంటుతుంది. పేరున్న చెట్టు కింద, జనం ఫోటోలు దిగే చోట అదే వేలు గుచ్చితే గోరు కూడా దిగదు, నేల గచ్చులా టకటకమంటుంది. చెంబెడు నీళ్లు పోసి చూస్తే ఒక చోట గుటుక్కున ఇంకుతాయి, ఇంకో చోట పాములా పారిపోతాయి. పుస్తకంలో పది పేజీలు చదివించిన దానికన్నా ఇది ఎక్కువ చెబుతుంది.

కాబట్టి పాటించాల్సిన పద్ధతి: చెట్టు దగ్గరికి ఒకే బాటలో, ఒకరి వెనక ఒకరు పోవాలి, అదే బాటలో రావాలి. చుట్టూ ప్రదక్షిణలు వద్దు. మొదలు దగ్గర ఒకేసారి ఇద్దరికి మించి నిలబడొద్దు, మిగతావాళ్లు కొమ్మల నీడ అంచు దాటి ఆగాలి. నిజానికి చెట్టు నిండుగా కనబడేదీ అక్కడి నుంచే. వాన పడ్డ తర్వాత రెండు మూడు రోజులు నేల మెత్తగా ఉంటుంది, ఆ రోజుల్లో తొక్కితే ఎక్కువ అణుగుతుంది. బండిని చెట్టు నీడలో పెట్టడం అందరూ చేసే తప్పు, కారు బరువు మనుషులు నడిచిన దాని కన్నా చెడ్డది. మధ్యాహ్నం భోజనాలు కూడా చెట్టు కింద వద్దు. ఉప్పూ నూనె కలిసిన ఎంగిలి కోతులను రప్పిస్తుంది, చీమలను రప్పిస్తుంది.

మొక్కుల వల్ల జరిగే నష్టం గురించి నిక్కచ్చిగా చెప్పాలి. పసుపు, కుంకుమ, పసుపు దారం పెద్ద హాని చేయవు. నైలాన్ తాడు, ఇనుప తీగ చేస్తాయి. బోదె ఏటా లావెక్కుతుంది, తాడు సాగదు, బెరడు కింద ఆహారం దిగే పొర తెగుతుంది, చెట్టుకు ఉరి బిగిసినట్టే. మేకులు అంతే. చెట్టు మొదట్లో వెలిగించే దీపం ఇంకా చెడ్డది. పైకి నల్లమరకే కనబడుతుంది, లోపల బెరడు కాలి చచ్చిన పొర ఏళ్ల తర్వాత తొర్ర అవుతుంది. తొర్రలో సాంబ్రాణి పొగ వేస్తే ఎండిన లోపలి కలప రెండు రోజులు నివురుగప్పి కాలి, మూడో రోజు చెట్టునే కూల్చగలదు.

జనం ఎక్కువైన పెద్ద చెట్టుకు ఏమవుతుందో మన రాష్ట్రంలోనే చూశాం. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి, మూడెకరాల పైన పరుచుకున్న మర్రి. చెదలు తొలిచి, 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది. ఊడలు నేలకు చేరే వీలు లేక కొమ్మల బరువుకు ఆధారం పోయింది. సందర్శకులను ఆపేసి, చెదల మందు కలిపిన నీళ్లను సెలైన్ సీసాలతో చుక్క చుక్కగా కాండంలోకి ఎక్కించారు. వంగిన కొమ్మల కింద స్తంభాలు కట్టారు, ఊడలను పైపుల్లో నుంచి మట్టిదాకా దించారు. మర్రికి ఊడలే కాళ్లు. ఊడ పట్టుకుని ఊగిన ప్రతి పిల్లవాడూ ఒక కాలు విరగ్గొడుతున్నట్టే. మీ పిల్లలకు ఈ ఒక్క మాట గట్టిగా చెప్పండి. నేలకు అంటని లేత ఊడ చివర లేత పసుపు రంగులో, మెత్తగా ఉంటుంది. ఆ కొన నలిగితే ఆ ఊడ నేలకు చేరడం ఏళ్లకొద్దీ ఆలస్యమవుతుంది.

మనుషులకు ఉండే ప్రమాదాల్లో మొదటిది పులి కాదు, తేనెటీగ. పెద్ద బూరుగ, ఏరుమద్ది, మర్రి కొమ్మల కింద బారెడు వెడల్పున నల్లటి పట్టులు వేలాడతాయి, ఒకే చెట్టుకు పది ఉండొచ్చు. చెట్టు కిందికి పోయేముందు నీడ అంచున ఆగి, నిమిషం సేపు కొమ్మల అడుగులు చూడండి. పట్టు ఉంటే అక్కడి నుంచే చూసి వెనక్కి రావాలి. అత్తరు, వాసన నూనెలు, నల్ల బట్టలు, పెద్ద గొంతు, పొగ, డ్రోన్ చప్పుడు వాటిని రేపుతాయి. లేచాయంటే చేతులు ఊపకుండా, ముఖానికి తువ్వాలు కప్పుకుని, ఒకే దిక్కుగా ఆగకుండా పరుగెత్తాలి. వాగులో దూకితే పైకి లేచే దాకా కాచుకుంటాయి. కుట్టిన ముల్లును గోటితో గాని కార్డుతో గాని వెంటనే గీకి తీసేయాలి, ఆలస్యమైన కొద్దీ విషం దిగుతుంది. పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా, పదుల సంఖ్యలో కుట్టినా ఇంటి వైద్యం వద్దు, 108కి ఫోన్ చేసి ములుగు ప్రభుత్వాసుపత్రి వైపు బండి తీయండి. ఫోన్ సిగ్నల్ లోపల చాలా చోట్ల ఉండదు. ఎక్కడి దాకా ఉందో పోయేటప్పుడే గమనించి పెట్టుకోవాలి.

రెండోది ఎండు కొమ్మ. ఆకు లేని, బెరడు ఊడిన కొమ్మ నెత్తిన ఉంటే దాని కింద నిలబడొద్దు, గాలి లేకున్నా విరుగుతుంది. గాలి లేచిన రోజు పెద్ద చెట్లలోకే పోవద్దు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో సుడిగాలికి ఒక్క సాయంత్రం వేల చెట్లు కూలాయి, యాభై వేల దాకా అని అధికారుల తొలి అంచనా. వేర్లు లోతుకు దిగకపోవడం, నేల వానకు నాని ఉండటం కారణాల్లో ఉన్నాయి. పెల్లగిలిన వేర్లు ఎక్కడైనా కనబడితే ఆగి చూడండి, పళ్లెంలా పలచగా పరుచుకుని ఉంటాయి. లోతైన తల్లివేరు ఉంటుందని మనం అనుకునే చోట ఉండదు. పక్క చెట్టు మీద వాలి ఆగిపోయిన చెట్టు కింద నుంచి మాత్రం దారి ఉన్నా పోవద్దు.

ఎలుగుబంటి మార్చి, ఏప్రిల్‌లో తెల్లారుజామున ఇప్పచెట్ల కిందే ఉంటుంది. ఆ నెలల్లో పొద్దు పొడిచాకే ఇప్ప వైపు పోవాలి, మాట్లాడుకుంటూ పోవాలి. తొర్రలో చేయి, ఫోన్, తల పెట్టొద్దు. ఇప్పచెట్టు కింద ఊడ్చి శుభ్రం చేసిన నేల కనబడితే అది ఒక కుటుంబం పువ్వు ఏరే చోటు, దాని మీద నడవొద్దు. చేల అంచుల్లో చీకటి పడ్డాక అసలు నడవొద్దు, అడవి పందుల కోసం కరెంటు తీగలు పెట్టేవాళ్లున్నారు. వాజేడు, వెంకటాపురం పక్క కర్రెగుట్టల మీదికి చెట్ల కోసమని ఎక్కొద్దు. 2025లో అక్కడ మందుపాతరలున్నాయని మావోయిస్టులే ప్రకటించారు. ఆ వైపు పోలీసుల మాటే ఆఖరి మాట.

ఎవరూ చెప్పనిది దూలగొండి. చలికాలంలో పొదల మీద వేలాడే గోధుమ రంగు నూగు కాయలు. తగిలిందంటే దురదకు మనిషి నేల మీద పొర్లుతాడు. గోకితే నూగు ఇంకా పరుచుకుంటుంది. వెడల్పు అంటుడు టేపు అతికించి లాగితే నూగు చాలా వరకు వస్తుంది, బట్టలు విడిగా మూట కట్టాలి. టేపు చుట్ట ఒకటి, పొడుగు చేతుల చొక్కాలు, మూసిన బూట్లు, మనిషికి పూటకు రెండు లీటర్ల నీళ్లు (ఎండాకాలమైతే మూడు), దోమల మందు, ఇవి తప్పనిసరి. ఏజెన్సీలో మలేరియా ఉంది, తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో చలిజ్వరం వస్తే రక్తపరీక్షకు పోవాలి, అడవికి పోయొచ్చిన సంగతి డాక్టరుకు చెప్పాలి.

కొలవాలనుకుంటే సరిగ్గా కొలవండి. పది మీటర్ల గుడ్డ టేపు చాలు. చుట్టుకొలత తీసేది నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున. ఆ పొడవుకు ముడి వేసిన తాడు ఇంటి నుంచే తెచ్చుకోండి, కొలకర్ర కోసం అడవిలో కొమ్మ నరకొద్దు. వాలు నేల అయితే ఎగువ వైపు నుంచి ఎత్తు చూసుకోవాలి. టేపు తీగల మీద నుంచి పోతే కొలత తప్పు, తీగల కిందుగా దూర్చాలి, తీగను కోయకూడదు. ఏరుమద్ది, బూరుగల దగ్గరే అందరూ మోసపోతారు. గోడల్లా లేచిన వేర్ల చుట్టూ టేపు తిప్పి "పన్నెండు మీటర్లు" అంటారు, బోదె అందులో సగం కూడా ఉండకపోవచ్చు. ఆ వేర్లు బోదెలో కలిసిపోయే చోటుకు పైన కొలవాలి. అక్కడికి చేయి అందకపోతే "వేర్లతో కలిపి" అని రాసుకోండి. చుట్టుకొలతను 3.14తో భాగిస్తే అడ్డుకొలత వస్తుంది: 471 సెంటీమీటర్లంటే అడ్డంగా మీటరున్నర.

ఎత్తుకు ఒక కర్ర చాలు. చేయి చాచి, కంటి నుంచి పిడికిలి దాకా ఎంత దూరమో అంత కర్ర పిడికిలి పైకి ఉండేలా నిలువుగా పట్టుకోండి. పిడికిలి పైభాగం చెట్టు మొదలుకూ, కర్ర కొన చెట్టు కొనకూ సరిపోయే దాకా వెనక్కి నడవండి. అక్కడి నుంచి చెట్టు దాకా ఎంత దూరమో చెట్టు అంత ఎత్తు. చదును నేల మీదే ఇది సరిగ్గా వస్తుంది. గొడుగులా పరుచుకున్న చెట్టుకు మీ వైపు కొమ్మ అంచునే కొన అనుకుంటే ఎత్తు ఎక్కువ వస్తుంది. పిల్లలకు ఈ పని అప్పజెప్పండి. ఇంకో పని: బెరడు మీద కాగితం పెట్టి మైనపు రంగుతో రుద్దితే నల్లమద్ది గళ్లు, ఏగిస చీలికలు అచ్చుగా పడతాయి. చెట్టుకు ఏమీ కాదు.

వయసు మాత్రం అడగొద్దు, చెప్పినా నమ్మొద్దు. "ఐదొందల ఏళ్లు", "వెయ్యేళ్లు" అనేవి గౌరవం చూపించే మాటలే గాని లెక్కలు కావు. టేకులో ఏడాదికో వలయం స్పష్టంగా పడుతుంది, నరికిన మోడు మీద లెక్కించొచ్చు. మర్రిలో అలా కుదరదు, ఊడలే బోదెలై అసలు మొదలు ఏదో తెలియదు, పైగా మర్రి వేగంగా పెరిగే చెట్టు. తొర్ర పడ్డ చెట్టులో లెక్కపెట్టాల్సిన వలయాలే మాయమై ఉంటాయి. లావును బట్టి వయసు కట్టడం ఇంకా తప్పు. వాగు పక్క టేకూ, రాతి గుట్ట మీది టేకూ ఒకే లావున్నా గుట్ట మీదిది రెండు మూడింతల పాతది కావచ్చు. లావు తక్కువ, బెరడు బాగా ముదిరింది, నెత్తిన కొమ్మలు కొన్ని ఎండి మిగతావి పచ్చగా ఉన్నాయి అంటే అది నిజంగా ముసలి చెట్టు అయ్యే అవకాశం ఎక్కువ.

మీ రెండు రోజులకు ఒక వరస. నవంబరు నుంచి జనవరి లోపు పెట్టుకోండి. అక్టోబరులో గడ్డి ఎత్తుగా ఉంటుంది, ఫిబ్రవరి నుంచి కార్చిచ్చు రోజులు. చెట్టు ఆకారం చూడాలంటే జనవరి చివర మేలు, సగం ఆకు రాలి కొమ్మల కట్టుబడి కనబడుతుంది. మొదటి రోజు తెల్లారుజామున ఐదున్నరకు హనుమకొండలో బయల్దేరితే గట్టమ్మ తల్లి గుడి దగ్గర ఆగి, ములుగులో చాయ్ తాగి, పస్రా మీదుగా ఎనిమిదింటికల్లా తాడ్వాయి చేరొచ్చు. ఆ పొద్దు వాగు ఒడ్డు చెట్లు చూడండి, నడక రానూ పోనూ రెండు కిలోమీటర్లు మించకుండా. రాత్రి తాడ్వాయిలోనే ఉండండి. రెండో పొద్దు గుట్ట మీది నల్లమద్ది, తపసి, ఇప్ప. తాడ్వాయి దగ్గరే దామరవాయిలో రాక్షసగుళ్లున్నాయి, ఇనుప యుగం నాటి రాతి సమాధులు. వాటికి కూడా అడవి దారే, తోడు మనిషినే అడగండి. నాన్నగారికి మోకాళ్ల నొప్పి ఉంటే రెండో రోజు ఇదంతా మానేసి నర్సంపేట వైపు పాకాల పెట్టుకోండి. కాకతీయుల నాటి చెరువు, చుట్టూ అభయారణ్యం, కారు దిగిన కాసేపటికే చెట్ల మధ్య ఉంటారు. ఎక్కడున్నా నాలుగింటికల్లా రోడ్డు ఎక్కాలి.

ఫోటోలకు మనిషిని చెట్టు ముందు కాకుండా బోదె పక్కన, బోదెతో సమానమైన దూరంలో నిలబెట్టండి. ముందు నిలబెడితే మనిషి పెద్దగా, చెట్టు చిన్నగా వస్తుంది. ఫోన్‌లో లొకేషన్ ఆపేసి తీయండి. పేరు లేని చెట్టు ఎక్కడుందో నలుగురికీ తెలిసేలా పెడితే, ఇందాక వేలు గుచ్చి చూసిన మెత్తటి నేల ఒక్క ఎండాకాలంలో గచ్చు అవుతుంది.

వానాకాలంలో పోవాల్సి వస్తే వాగు దాటే దారులేవీ పెట్టుకోవద్దు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది, జంపన్నవాగు పొంగి కొండాయి ఊరిని ముంచింది. ఇక్కడ ఎండ కాస్తున్నా ఎగువన పడ్డ వాన రెండు గంటల తర్వాత వాగులో దిగొచ్చు. నీళ్లు ఎర్రబడినా, పుల్లలూ నురగా కొట్టుకొస్తున్నా అవతలి ఒడ్డున ఎంత పెద్ద మద్ది ఉన్నా సరే, బండి వెనక్కి తిప్పండి.